సుబేదార్ సాబ్ లెక్కలు

మాకు డ్రిల్ (కవాతు) నేర్పిన ఉస్తాద్ పోయారని మొన్న మా కోర్సు గ్రూపులో కబురు వచ్చింది. సుబేదార్‌గా రిటైరై, సొంతూళ్ళో పొలం చూసుకుంటూ, ఎనభై దాటాక వెళ్ళిపోయారట. సైన్యానికి ఆఫీసర్లని తయారుచేసే డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీలో డ్రిల్ స్క్వేర్ ఈ మూల నుంచి ఆ మూలకి మైకు లేకుండా వినిపించే గొంతు ఆయనది. ఆ రాత్రి అందరూ ఏదో ఒకటి రాశారు. బూటు పాలిష్, రైఫిల్ తుడిచే చిందీ గుడ్డ కొలత, ఆయుధాలుంచే కోత్ రిజిస్టర్, సిక్ రిపోర్టు, నో డ్యూస్ ఫారం... ఎవరు రాసినా ఇవే. యుద్ధతంత్రం క్లాసుల గురించి ఒక్కరూ రాయలేదు. నాకది సబబుగానే అనిపించింది. పటాలాన్ని నడపడం మేం నేర్చుకున్నది ఈ చిల్లరగా కనిపించే నియమాల దగ్గరే. ఆ కాలం ఎస్సెల్లార్ (సెల్ఫ్ లోడింగ్) రైఫిళ్ళ కాలం, ఇంటికి ఇన్‌లాండ్ లెటర్లు రాసే కాలం. అప్పటి పద్ధతుల్లో కొన్ని ఇప్పుడు లేవు. గుర్తున్నంతవరకూ రాసి పెడుతున్నాను.

అకాడమీ 1932 అక్టోబరు 1న నలభై మంది క్యాడెట్లతో మొదలైంది. అంతకుముందు ఆ భవనాల్లో రైల్వే స్టాఫ్ కాలేజీ ఉండేది. డిసెంబరు 10న అప్పటి కమాండర్ ఇన్ చీఫ్ సర్ ఫిలిప్ చెట్‌వుడ్ లాంఛనంగా ప్రారంభించారు. ఆ తొలి బ్యాచ్ నుంచే మన శామ్ మానెక్‌షా, పాకిస్తాన్ సైన్యాధిపతి అయిన మహమ్మద్ మూసా, బర్మా సైన్యాధిపతి అయిన స్మిత్ డన్ వచ్చారు. చెట్‌వుడ్ ఆరోజు అన్న మాటలు అక్కడి హాలులో ఉన్నాయి: మొదట దేశ భద్రత, గౌరవం, సంక్షేమం, ఎప్పుడైనా, ప్రతిసారీ. తర్వాత నీ కింద ఉన్న జవాన్ల గౌరవం, సంక్షేమం, సౌకర్యం. నీ సుఖం, నీ సౌకర్యం, నీ భద్రత చిట్టచివర. ఈ మాటలు బట్టీపట్టని క్యాడెట్ ఉండడు. అయితే ఆ "చిట్టచివర" ఎలా ఉంటుందో తెలిసేది మాత్రం క్యాంపులో అన్నం వరుస దగ్గర. అది తర్వాత చెప్తాను.

అప్పట్లో అక్కడ క్యాడెట్‌ని జెంటిల్‌మన్ క్యాడెట్ అనేవారు, నోటిమాటగా జీసీ. అతను ఇంకా ఆఫీసరు కాడు, జవానూ కాడు. నేరుగా డిగ్రీ చేసి వచ్చినవాళ్ళకి ఆరు నెలల టర్ములు మూడు, అంటే పద్దెనిమిది నెలలు. ఖడక్‌వాస్లా నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడేళ్ళు చేసి వచ్చినవాళ్ళకి రెండే టర్ములు. చేరే ముందే తండ్రి గానీ సంరక్షకుడు గానీ బాండు మీద సంతకం పెట్టాలి. సొంత కారణాలతో మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు కట్టాలి. శిక్షణ పూర్తయ్యేదాకా పెళ్ళి కుదరదు. చేసుకుంటే ఇంటికి పంపడమే, ఖర్చు వసూలు చేయడమే.

పైన కమాండెంట్, లెఫ్టినెంట్ జనరల్ హోదా. కింద బెటాలియన్లు, వాటిలో కంపెనీలు, కంపెనీలో ప్లటూన్లు. కంపెనీల పేర్లన్నీ యుద్ధాలవి: కోహిమా, నౌషేరా, కసీనో, జోజీలా. ప్లటూన్ కమాండరు కెప్టెనో మేజరో ఉంటాడు. కానీ పొద్దున లేచింది మొదలు దీపాలార్పేదాకా కంపెనీని నడిపేది క్యాడెట్లే. సీనియర్ టర్ము వాళ్ళలోంచి అండర్ ఆఫీసర్లని, సార్జెంట్లని, కార్పొరల్స్‌ని ఎంచుతారు. హాజరు, లైన్ల శుభ్రత, మెస్సు ఫిర్యాదులు, స్టోర్సు లెక్క, డ్యూటీ జాబితా అంతా వాళ్ళ నెత్తి మీదే. ఎక్కడైనా లెక్క తప్పితే ప్లటూన్ కమాండరు తప్పు చేసిన జూనియర్‌ని పిలవడు, ఆ కార్పొరల్‌ని పిలుస్తాడు. ఆ పద్ధతి పెట్టినవాళ్ళు ఎవరో గానీ మనుషుల్ని బాగా ఎరిగినవాళ్ళు.

కౌంటరు దగ్గర

మొదటి రోజు ముందు మంగలి, తర్వాత క్వార్టర్‌మాస్టర్ స్టోర్సు. పొడవాటి చెక్క కౌంటరు, అవతల స్టోర్‌మన్, ఇవతల వరుస. ఒక్కో వస్తువు పేరు అరుస్తూ విసిరేవాళ్ళు. బిగ్ ప్యాక్, స్మాల్ ప్యాక్, వాటర్ బాటిల్, మెస్ టిన్, గ్రౌండ్‌షీట్, వెబ్ బెల్టు, యాంక్లెట్లు, డంగ్రీ, జెర్సీ, దోమతెర. కిట్ కార్డు మీద సంతకం పెడితే అంతా ముట్టినట్టే. వాటర్ బాటిల్‌కి బిరడా ఉందా, మెస్ టిన్ రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి దూరుతున్నాయా, ప్యాక్ పట్టీలకి ఇత్తడి కొసలు నాలుగూ ఉన్నాయా చూడకుండా సంతకం పెట్టినవాళ్ళు టర్ము చివర ఆ డబ్బు కట్టుకున్నారు. వెనక వరుస తోస్తున్నా నిలబడి లెక్క చూసుకోమని సుబేదార్ సాబ్ చెప్పేవారు. "సంతకం ఆఫీసర్‌ది, సాబ్. స్టోర్‌మన్‌ది కాదు," అని.

ఉస్తాదులు మమ్మల్ని "సాబ్" అనే పిలవాలి. అదీ నియమమే. తప్పు పట్టినా, ఎక్స్‌ట్రా డ్రిల్ వేసినా, చివర సాబ్ ఉండాల్సిందే. ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి మీసాలు సరిగా రాని కుర్రాణ్ణి సాబ్ అంటూ తిట్టడం మొదట్లో వింతగా ఉండేది. ఏడాదిన్నరలో ఆ కుర్రాడు ఆ మనిషి లాంటివాళ్ళకే ఆఫీసరుగా వెళ్తాడు. ఆ బంధం తీరు ఇద్దరికీ అప్పటి నుంచే అలవాటు చేయడం అన్నమాట.

బూట్ల దగ్గర ఎక్కువమంది పొరపడేది సైజులో. పల్చటి మేజోళ్ళతో, కూర్చుని తొడిగి చూసి సరిపోయింది అంటారు. ఊలు మేజోళ్ళు రెండు జతలు వేసుకుని, లేచి నిలబడి, బరువంతా ముందుకి వేసి చూడాలి. మడమ వెనక వేలు దూరాలి. నడుస్తున్నప్పుడు పాదం ఉబ్బుతుంది. అది చూసుకోనివాళ్ళ బొటనవేలి గోరు పది కిలోమీటర్లకే నల్లబడేది.

కొత్త డ్రిల్ బూటు తోలు మీద గరుకు పొక్కులుంటాయి. అవి పోకపోతే ఎంత రుద్దినా మెరుపు రాదు. చెంచా వెనక భాగాన్ని కొవ్వొత్తి మీద వేడి చేసి, పాలిష్ దట్టించిన ముక్కు మీద మెల్లగా ఒత్తుతూ జరపాలి. వేడి ఎక్కువైతే తోలు కాలి ముడుచుకుంటుంది, ఇక ఆ బూటు పనికిరాదు. చెంచాని ముందు మణికట్టు దగ్గర పెట్టి చూసుకోమనేవారు. అక్కడ ఓర్చుకోగలిగితే బూటు కూడా ఓర్చుకుంటుంది. పొక్కులు అణిగాక దూది తడిపి, పిండేసి, వేలికి చుట్టి, గోరంత పాలిష్ తీసుకుని చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోవాలి. మసక వచ్చినప్పుడల్లా ఒక్క నీటి చుక్క. పొర మీద పొర. పాలిష్ దళసరిగా పూసేసి త్వరగా ముగిద్దామనుకుంటే మర్నాడు డ్రిల్‌లో మొదటి "థమ్" (ఆగు) ఆజ్ఞకే పెచ్చు లేచిపోతుంది. బూటు వంగే చోట మాత్రం పల్చగా ఉంచాలి. అక్కడ దళసరి చేస్తే పగులుతుంది, ఆ పగులు ముక్కుదాకా పాకుతుంది. మెరవాల్సింది ముక్కు, మడమ, అంతే. ఈ పని గంటన్నరకి తక్కువ కాదు. నలుగురం వరండాలో కూర్చుని దూది తిప్పుతూ మాట్లాడుకున్న మాటలే మా స్నేహాలకి పునాది.

ఐదు నిమిషాలు

పీటీ ఆరింటికి అని రొటీన్ ఆర్డర్‌లో ఉంటే, ప్లటూన్ కమాండరు ఐదు నిమిషాల ముందుంటాడు. కాబట్టి అండర్ ఆఫీసరుకి పది నిమిషాల ముందు అంతా సిద్ధంగా ఉండాలి, సార్జెంటుకి పదిహేను, కార్పొరల్‌కి ఇరవై. జూనియర్ చీకట్లోనే వచ్చి నిలబడేవాడు. ఇది ఎక్కడా రాసి లేదు. ఒక్కో మెట్టు దగ్గరా ఐదేసి నిమిషాలు పేరుకుపోవడం మంచిది కాదని తర్వాత యూనిట్లలో తెలిసింది. జవాను నిద్ర తినేసేది అదే. అప్పుడు మాత్రం అదే వేదం.

ఆర్డర్లు రెండు రకాలు. పార్ట్ వన్‌లో రేపటి డ్యూటీలు, పరేడ్లు, దుస్తులు. పార్ట్ టూలో మనిషికి సంబంధించిన లెక్క: సెలవు, జీతభత్యాలు, ఆస్పత్రిలో చేరడం, టర్ము మారడం. పార్ట్ వన్ చదవకపోతే మర్నాడు తప్పు డ్రస్సులో నిలబడతావు. పార్ట్ టూలో పేరు తప్పు పడితే ఏళ్ళ తరబడి కాగితాలతో కుస్తీ. నోటీసు బోర్డు దగ్గర నిలబడి పేరు, నంబరు అక్షరం అక్షరం సరిచూసుకోవడం అలా అలవాటైంది. మన తెలుగువాళ్ళ ఇంటిపేర్లతో అక్కడి గుమాస్తాలు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగు. వెంటనే అర్జీ పెట్టి దిద్దించుకున్నవాళ్ళే రిటైరయ్యాక సుఖపడ్డారు.

స్క్వేర్ మీద

డ్రిల్ స్క్వేర్ మీద ఎవరూ తీరిగ్గా నడవకూడదు. అడ్డం పడి పోకూడదు. అక్కడ అడుగు ముప్పై అంగుళాలు, తేజ్ చల్ (వడి నడక) నిమిషానికి నూట ఇరవై అడుగులు. ఉస్తాద్ చేతిలో పేస్ స్టిక్ ఉండేది, కవరాయం లాంటి రెండు కాళ్ళ కర్ర. ముప్పై అంగుళాలకి తెరిచి, బిగించి, పక్కన నడుస్తూ తిప్పుతూ పోతుంటే వరుసలో ఎవరి అడుగు పొట్టిదో ఇట్టే దొరికిపోయేది. పొడుగువాళ్ళు అడుగు సాగదీస్తారు, పొట్టివాళ్ళు గెంతుతారు. అందుకే స్క్వాడ్‌ని పొడుగు వరుసన పేర్చాకే నడిపిస్తారు.

మాటలన్నీ హిందీ. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్ (కుడికి తిరుగు), బాజూ శస్త్ర్, సలామీ శస్త్ర్. మన దక్షిణాది పిల్లలకి మాట అర్థమయ్యేలోపే స్క్వాడ్ తిరిగేసేది. సుబేదార్ సాబ్ దీనికో ఉపాయం చెప్పారు. ప్రతి ఆజ్ఞలో మొదటి ముక్క హెచ్చరిక, చివరి ముక్క పని. "దాహినే" అని సాగదీసినప్పుడు ఒళ్ళు సిద్ధం చేసుకోవాలి, "ముడ్" అన్నప్పుడు కదలాలి. రెండింటి మధ్యా ఆయన సరిగ్గా ఒకే వ్యవధి ఇచ్చేవారు. క్యాడెట్ ఆజ్ఞలివ్వడం మొదలుపెట్టినప్పుడు చేసే తప్పూ అక్కడే. తొందరపడి రెండు ముక్కలూ కలిపేస్తాడు, సగం స్క్వాడ్ తిరుగుతుంది, సగం నిలబడుతుంది. గొంతు పెంచితే సరిపోదు, పొట్టలోంచి రావాలి. రోజూ సాయంత్రం స్క్వేర్‌కి అటూ ఇటూ ఇద్దరిద్దరిని నిలబెట్టి ఒకరికొకరు ఆజ్ఞలిచ్చుకోమనేవారు. వారంలో అందరి గొంతులూ పోయేవి. ఆ తర్వాత తిరిగొచ్చిన గొంతు వేరేగా ఉండేది.

డ్రిల్ స్క్వేర్ టెస్టు పాసయ్యేదాకా లిబర్టీ లేదు, అంటే ఆదివారం బయటికి వెళ్ళడానికి లేదు. పాసయ్యాక అవుట్ పాస్, టై కట్టి మఫ్టీ, ఊళ్ళో ఘంటాఘర్, పల్టన్ బజార్, రాజ్‌పూర్ రోడ్డు. గేటు దగ్గర రిజిస్టర్‌లో వెళ్ళిన టైము, వచ్చిన టైము. ఆలస్యమైతే రెస్ట్రిక్షన్స్: నిండు ప్యాక్ వేసుకుని, చెప్పిన గంటకల్లా వచ్చి రిపోర్టు చేస్తూ ఉండాలి. బరువు కన్నా బాధపెట్టేది మధ్యలో దొరికే ఖాళీ. నిద్రకీ చాలదు, చదువుకీ చాలదు.

కోత్, రేంజి

ఆయుధాగారాన్ని కోత్ అంటారు. రైఫిల్ తీసుకునేటప్పుడు బట్ నంబరు అరిచి చెప్పి సంతకం, తిరిగిచ్చేటప్పుడు మళ్ళీ అంతే. ఈ మధ్యలో రైఫిల్ చేతిలోంచి పోతే దానికన్నా పెద్ద నేరం లేదు. భోజనానికి కూర్చున్నా కాలికి ఆనించుకునే కూర్చోవాలి.

శుభ్రం చేయడానికి పుల్‌త్రూ (బ్యారెల్‌లోంచి లాగే తాడు), చిందీ (దానికి కట్టే గుడ్డ ముక్క), ఆయిల్. పొడి చిందీ నాలుగంగుళాలకి రెండు, నూనె చిందీ నాలుగంగుళాలకి ఒకటిన్నర. పెద్దది పెట్టి లాగితే బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది, దాన్ని తీయడానికి ఆర్మరర్ దగ్గరికి పోవాలి. పుల్‌త్రూ తాడుని మూతి దగ్గర ఒక పక్కకి వంచి లాగకూడదు. తాడు ఒరిపిడికి మూతి అరిగిపోతే ఆ రైఫిల్ ఇక సూటిగా కొట్టదు. ఇద్దరు కలిసి చేస్తే మేలు, ఒకరు పట్టుకోవడం, ఒకరు తిన్నగా లాగడం.

ఎస్సెల్లార్‌లో క్యాడెట్లు చేసే తప్పు ఒకటుంది. కోత్ చూసుకునే ఎన్‌సీవో మెచ్చుకుంటాడని పిస్టన్‌కి కూడా నూనె రాసి నిగనిగలాడిస్తారు. తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్ తగిలే పిస్టన్ లాంటి భాగాలు పొడిగా ఉండాలి. నూనె ఉంటే కాలి మసిగా పేరుకుంటుంది, పిస్టన్ మెత్తగా కదలదు, రేంజిలో కాసేపటికే బోల్టు పూర్తిగా వెనక్కి రాకుండా ఆగిపోతుంది. అప్పుడు గ్యాస్ రెగ్యులేటర్‌ని కాస్త మూసి పిస్టన్‌కి ఎక్కువ గ్యాస్ అందేలా చేస్తారు. అది తాత్కాలికం. మసి గీకి తీయడమే అసలు మందు. వాపసు ఇచ్చేటప్పుడు కోత్ ఎన్‌సీవో ఛాంబర్ వైపు బొటనవేలి గోరు పెట్టి, వెలుతురు గోటి మీద పడేలా తిప్పి, మూతిలోంచి చూసేవాడు. ఏ మూల మసి చుక్క ఉన్నా ఆ గోటి వెలుగులో తెలిసిపోయేది.

రేంజిలో ఎర్ర జెండా ఎగిరాకే మొదలు. ఇచ్చిన తూటాలు, కాల్చిన తూటాల ఖాళీ ఖోకాలు (తొడుగులు), మిగిలిన తూటాలు, ఈ లెక్క కుదరాలి. చివర ప్రతి ఒక్కరూ పౌచ్‌లు విప్పి చూపించి, తన దగ్గర తూటా గానీ ఖోకా గానీ లేదని గట్టిగా చెప్పాలి. ఒక్క ఖోకా తగ్గినా కంపెనీ మొత్తం భుజం భుజం కలిపి వరుస కట్టి, గడ్డిలో మోకాళ్ళ మీద వెతకడమే. ఇత్తడి ఖోకా గడ్డిలో పడితే ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు దొరికినంత సులువుగా నడినెత్తిన ఉన్నప్పుడు దొరకదు. కోపంగా అటూ ఇటూ తిరిగే వాళ్ళకి అసలే దొరకదు. ఒక ఖోకాకి అంత హడావిడి ఎందుకని అడిగేవాళ్ళుంటారు. ఈరోజు ఖోకా తగ్గినా ఫర్వాలేదనుకున్నచోట రేపు తూటా తగ్గినా ఎవరికీ తెలియదు.

ఒంట్లో బాగోలేకపోతే

సిక్ రిపోర్టు పీటీకి ముందే రాయించాలి. ఎంఐ రూమ్‌కి, అంటే డాక్టర్ చూసే గదికి, వెళ్ళేటప్పుడు స్మాల్ ప్యాక్‌లో సబ్బు, తువ్వాలు, గెడ్డం సామాను, ఒక జత బట్టలు ఉండాలి. డాక్టర్ ఆస్పత్రిలో చేర్చుకుంటే తిరిగి బ్యారక్‌కి రానక్కర్లేకుండా అన్నమాట. చాలామందికి "మెడిసిన్ అండ్ డ్యూటీ" అని రాసేవారు, మాత్ర మింగి పరేడ్‌కి పొమ్మని. శిక్షణ రోజులు ఎక్కువ పోతే రెలిగేషన్, అంటే ఒక టర్ము వెనక్కి. ఈ భయంతో కుర్రాళ్ళు కాలి నొప్పి దాచేవాళ్ళు. మోకాలి కింద ముందువైపు ఎముక మీద వేలుతో నొక్కితే ఒకే చోట సూదిలా గుచ్చుతోందంటే అది కండరం నొప్పి కాదు, ఎముకలో సన్నటి పగులు కావచ్చు. అప్పుడు వారాల విశ్రాంతితో పోయేది, దాచి పరిగెత్తితే నెలలు తింటుంది, ఎలాగూ టర్ము పోతుంది. దీని గురించి అక్కడికి వెళ్ళే ప్రతి కుర్రాడికీ నేను పనిగట్టుకుని చెప్తాను.

నాలుగో పేరా

క్యాంపుల్లో భద్రాజ్ కొండ ఎక్కడం మా తరం వాళ్ళెవరూ మర్చిపోరు. ముస్సోరీ పక్క కొండ, పైన గుడి. అక్కడ ప్లటూన్ కమాండర్ పని ఒక్కొక్కరికీ కొన్ని గంటలు ఇస్తారు. ఆజ్ఞలు ఐదు పేరాల్లో ఇవ్వాలి: సమాచారం, లక్ష్యం, అమలు, పరిపాలనా సరఫరా, కమాండు సిగ్నల్. మూడో పేరా అందరూ ఉత్సాహంగా చెప్తారు, ఏ సెక్షన్ ఎటు నుంచి పోవాలి, ఫైర్ ఎక్కడ నుంచి పడాలి. నాలుగోది గడగడా మింగేస్తారు. సుబేదార్ సాబ్ అక్కడే ఆపేవారు. "నీళ్ళు ఎన్ని బాటిళ్ళున్నాయి సాబ్? మళ్ళీ ఎక్కడ నింపుతారు? గాయపడ్డవాణ్ణి ఈ దారిన నలుగురు దించగలరా? ఆ నలుగురూ పోతే మీ దగ్గర ఎంతమంది మిగులుతారు?" జవాబు లేకపోతే దాడి మొత్తం మళ్ళీ ఆలోచించుకోవాల్సిందే.

కందకం తవ్వడం కూడా అలాంటిదే. ముందు పైన ఉన్న గడ్డిని పెళ్ళలుగా కోసి పక్కన నీడలో పెట్టాలి, తర్వాత కప్పడానికి అది కావాలి. తవ్విన మట్టి అంచుకి ఆనుకుని పోయకూడదు, మోచేయి ఆనడానికి కాస్త చోటు వదలాలి. లేకపోతే సగం మట్టి మళ్ళీ లోపలికే జారుతుంది. డూన్ లోయ నేల నిండా గుండ్రాళ్ళు. పార దిగదు, గునపంతో చుట్టూ వదులు చేసి రాయిని పెకలించాలి. నేరుగా కొడితే చేతుల్లో బొబ్బలు తప్ప రాయి కదలదు.

నడక ఆగిన ప్రతిచోటా పాదాల తనిఖీ. బూట్లు విప్పించి, వేళ్ళ మధ్య చూడాలి. ఎర్రగా కందితే అప్పుడే ప్లాస్టర్, బొబ్బ వచ్చాక కాదు. తడి మేజోళ్ళు పిండి ప్యాక్ పైన కట్టుకోవాలి, పొడివి తొడగాలి. ఆ తర్వాత అన్నం వరుస. ఆ రోజు కమాండర్‌గా ఉన్నవాడు అందరి మెస్ టిన్లూ నిండాకే తన టిన్ పట్టుకోవాలి. పప్పు అడుగంటిందా, రొట్టెలు చాలలేదా, అది అతని లెక్క తప్పు, అతని ఆకలి. చెట్‌వుడ్ మాటల్లో మూడో వాక్యం అక్కడ కడుపుకి తెలిసేది.

నో డ్యూస్

చివరి టర్ము ఆఖరి వారాల్లో ఒక ఫారం చేతికొస్తుంది. క్వార్టర్‌మాస్టర్, కోత్, లైబ్రరీ, మెస్, క్యాంటీన్, ఎంఐ రూమ్, అన్ని చోట్లా బాకీ లేదని సంతకాలు కావాలి. ఒకవైపు పాసింగ్ అవుట్ పరేడ్ రిహార్సళ్ళు, మరోవైపు లైబ్రరీ పుస్తకం ఎవరి మంచం కింద ఉందో వెతుకులాట. మొదటి రోజు కౌంటరు దగ్గర లెక్క చూసుకున్నవాళ్ళు ఒక్క పూటలో ముగించేవాళ్ళు. పరేడ్ చివర నెమ్మది అడుగులతో చెట్‌వుడ్ భవనం మెట్లెక్కి అంతిమ్ పగ్ దాటతారు. తర్వాత అమ్మానాన్నలు భుజాల మీద నక్షత్రాలు పెడతారు. ఉస్తాదులు అప్పుడు మొదటి సెల్యూట్ కొడతారు. సుబేదార్ సాబ్ సెల్యూట్ కొట్టి, చేయి దించి, మా వాడొకడి భుజం మీద వంకరగా ఉన్న నక్షత్రాన్ని సరిచేసి వెళ్ళారు.

రెజిమెంటులో చేరాక మొదట అప్పగించేది డ్యూటీ ఆఫీసర్ పని. యూనిట్ కాపలా ఉండే క్వార్టర్ గార్డు చూడాలి, కోత్‌లో ఆయుధాలు లెక్కపెట్టాలి, జవాన్ల వంటశాల లంగర్‌లో వండింది రుచి చూడాలి, ఎంఐ రూమ్‌లో ఎవరున్నారో పలకరించాలి, అప్పుడు రిపోర్టు రాసి కింద సంతకం పెట్టాలి.